1979 నాటి పంక్, స్కా ఆల్బమ్‌లు

బ్రిటన్‌లో పంక్ వయసు 1979 నాటికి మూడేళ్ళు. జమైకాలో పుట్టిన స్కాకు ఇరవై ఏళ్ళు. మొదటిది అప్పటికే ఆయాసపడుతోంది. రెండోదాన్ని పుట్టిన ఊరే మరిచిపోయి పదేళ్ళు దాటింది. ఆ ఏడాది ఈ రెండూ ఇంగ్లండు వీధుల్లో కలుసుకున్నాయి. ఫిబ్రవరిలో వచ్చిన ‘ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్’ మొదలు డిసెంబరు 14న వెలువడిన ‘లండన్ కాలింగ్’ దాకా, ఈ కలయికలోంచి పుట్టిన ఆల్బమ్‌లలో ముఖ్యమైనవి ఈ వ్యాసంలో ఉన్నాయి.

ఎంపిక ఒక అభిమానిది. అమ్మకాల పట్టికను అక్కడక్కడ ప్రస్తావించినా, వరస దాన్ని బట్టి పెట్టింది కాదు. పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: బేస్ గిటారు ఎంత ముందుకొచ్చింది, రెండు దెబ్బల మధ్య ఎంత ఖాళీ మిగిలింది అని. ఆ ఏటి మంచి రికార్డులన్నీ జమైకాకు బాకీ పడ్డవే. స్కా అని పేరు పెట్టుకున్నవి ఆ బాకీని బాహాటంగా ఒప్పుకున్నాయి, పంక్ అని పేరు పెట్టుకున్నవి గుట్టుగా తీర్చుకున్నాయి. అందుకే రెంటికీ వేరువేరు పట్టికలు వేయడం కుదరదు.

లయ, పుట్టుక

తకధిమి అనుకుంటూ తొడ మీద చేత్తో తాళం వేసి చూడండి. చెయ్యి ‘త’ మీద, ‘ధి’ మీద పడుతుంది. స్కాలో గిటారు పలికేది ‘క’ దగ్గర, ‘మి’ దగ్గర. అంటే చెయ్యి పైకి లేచి ఉన్నప్పుడు. అతీత, అనాగత గ్రహాలు ఎరిగిన చెవికి దెబ్బ తప్పించి ఎత్తుకోవడం కొత్త కాదు. అయితే అక్కడ పాట ఎత్తుగడ మాత్రమే పక్కకు జరుగుతుంది. స్కాలో గిటారో పియానోయో పాట పొడవునా ప్రతి దెబ్బనూ తప్పించుకునే నడుస్తుంది. ఆ పక్కజరుగుడే కాళ్ళను ఊరికే ఉండనివ్వదు.

1950ల చివర్లో కింగ్‌స్టన్ నగరంలో సొంతంగా గ్రామఫోను కొనుక్కోగల ఇళ్ళు తక్కువ. సంగీతం వినాలంటే సౌండ్ సిస్టమ్ దగ్గరికే పోవాలి. మన పెళ్ళిపందిళ్ళ మైకుసెట్టును పదింతలు చేసి, దాన్ని నడిపేవాడికి సినిమా హీరోకున్నంత మంది అభిమానులను తగిలిస్తే సౌండ్ సిస్టమ్ అవుతుంది. కాక్స్‌సన్ డాడ్, డ్యూక్ రీడ్, ప్రిన్స్ బస్టర్ ముగ్గురూ అలా పేరు తెచ్చుకున్నవాళ్ళే. అమెరికా నుంచి తెప్పించే రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు సన్నగిల్లాక, సొంత వాయిద్యకారులను పెట్టి రికార్డులు చేయించడం మొదలుపెట్టారు. అమెరికన్ బాణీలో ఉన్న తూగును నొక్కి నొక్కి వాయించడంతో స్కా తయారైంది. 1962 ఆగస్టు 6న జమైకా స్వతంత్ర దేశమైనప్పుడు సంబరాలకు మోగిన సంగీతం ఇదే. 1966 వచ్చేసరికి లయ నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, మరో రెండేళ్ళకు రెగ్గే అయింది.

బ్రిటన్‌కు ఇది ఓడల్లో వచ్చింది. 1948 జూన్ 22న టిల్బరీ రేవులో ఆగిన ‘ఎంపైర్ విండ్‌రష్’ ఓడతో మొదలైన కరీబియన్ వలస తన రికార్డులనూ వెంట తెచ్చుకుంది. 1964లో మిల్లీ స్మాల్ పాడిన ‘మై బాయ్ లాలిపాప్’ బ్రిటన్ పట్టికలో 2వ స్థానం దాకా పోయింది. 1969లో డెస్మండ్ డెకర్ ‘ఇజ్రాయెలైట్స్’ 1వ స్థానమే ఎక్కింది. ఆ రోజుల్లో నల్లజాతి కుర్రాళ్ళ పక్కన నిలబడి ఈ పాటలకు ఆడినవాళ్ళలో తెల్లజాతి కార్మికుల పిల్లలైన స్కిన్‌హెడ్‌లు కూడా ఉన్నారు. పదేళ్ళ తర్వాత అదే గుండు, అవే బూట్లు జాత్యహంకారులకు యూనిఫాం కావడం ఈ కథలోని చేదు.

ఆ ఏటి ఇంగ్లండు

పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ 1978 జనవరిలోనే విడిపోయారు. వాళ్ళ బేస్ వాద్యకారుడు సిడ్ విషస్ 1979 ఫిబ్రవరి 2న న్యూయార్క్‌లో మాదకద్రవ్యం ఎక్కువై చనిపోయాడు. పంక్ అంటే వేగం, అరుపు, గిటారు మీద మూడు కార్డ్‌లు అని నమ్మినవాళ్ళకు ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు.

కానీ పంక్‌కు మొదటినుంచీ ఇంకో చెవి ఉంది. లండన్ కోవెంట్ గార్డెన్‌లోని రాక్సీ క్లబ్బులో రికార్డులు వేసే డాన్ లెట్స్ జమైకన్ల బిడ్డ. 1977 మొదట్లో వేయడానికి పంక్ రికార్డులే పెద్దగా లేవు కాబట్టి, బృందాలు మారే విరామాల్లో తన దగ్గరున్న రెగ్గే వేసేవాడు. వేదిక మీద పంక్, విరామంలో రెగ్గే: ఒక తరం చెవులు అలా తయారయ్యాయి. అదే ఏడాది లండన్ పంక్ బృందం ద క్లాష్ తమ తొలి ఆల్బమ్‌లో రెగ్గే గాయకుడు జూనియర్ మర్విన్ పాట ‘పోలీస్ అండ్ థీవ్స్’ పాడారు. 1978 మొదట్లో పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్, డాన్ లెట్స్ కలిసి జమైకా వెళ్ళొచ్చారు.

రాజకీయం సంగతి చెప్పకుండా ఈ రికార్డులు బోధపడవు. 1978-79 చలికాలమంతా సమ్మెలు. లండన్ నడిబొడ్డున చెత్త గుట్టలుగా పేరుకుంది. మే 3 ఎన్నికల్లో మార్గరెట్ థాచర్ గెలిచారు. దానికి పది రోజుల ముందు, ఏప్రిల్ 23న, పంజాబీలు ఎక్కువగా ఉండే పశ్చిమ లండన్‌లోని సౌతాల్‌లో నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ సభ పెట్టింది. అడ్డుకోవడానికి ఊరు ఊరంతా కదిలింది. ఆ రోజు పోలీసుల దాడిలో బ్లెయిర్ పీచ్ అనే న్యూజిలండ్ ఉపాధ్యాయుడు చనిపోయాడు. మిస్టీ ఇన్ రూట్స్ అనే రెగ్గే బృందం నిర్వాహకుడు క్లారెన్స్ బేకర్ తల పగిలి స్పృహ కోల్పోయాడు. ఆ బృందం నడిపే పీపుల్ యునైట్ కేంద్రాన్ని పోలీసులు ధ్వంసం చేశారు.

పీపుల్ యునైట్‌కు సొంత రికార్డు సంస్థ ఉండేది. అందులోనే తమ మొదటి సింగిల్ వేసుకున్న తెల్లజాతి పంక్ బృందం ద రట్స్. సెప్టెంబరులో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ ‘ద క్రాక్’లో ‘జా వార్’ అనే పాట ఆ ఏప్రిల్ రోజు గురించే. ఆరు నిమిషాలకు పైగా సాగే పూర్తి రెగ్గే అది. చాలా పంక్ బృందాలు రెగ్గే వాయిస్తే అద్దె బట్టలు తొడుక్కున్నట్టు ఉంటుంది. రట్స్‌కు అవి సొంత కొలతకు కుట్టినట్టే ఉన్నాయి. వాళ్ళ ‘బాబిలోన్స్ బర్నింగ్’ 7వ స్థానం దాకా పోయింది. గాయకుడు మాల్కం ఓవెన్ మరుసటి ఏడాది జూలైలో హెరాయిన్‌కు బలయ్యాడు. ఆ గొంతు పూర్తి చేసిన ఆల్బమ్ ఇదొక్కటే.

ఉత్తర ఐర్లండు నుంచి రెండు

స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ బెల్ఫాస్ట్ బృందం. సైనికుల తనిఖీలు, బాంబు బెదిరింపులు వాళ్ళకు రోజువారీ సంగతులు. వాటినే పాటలు చేసి ‘ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్’గా తెచ్చారు. దాన్ని వేసింది రఫ్ ట్రేడ్. పశ్చిమ లండన్‌లో రికార్డుల కొట్టుగా మొదలైన ఆ సంస్థ తెచ్చిన మొట్టమొదటి ఆల్బమ్ ఇది. పెద్ద కంపెనీల అండ లేకుండా పట్టికలో 14వ స్థానం చేరింది, లక్షకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. స్వతంత్ర రికార్డు సంస్థ ఇంత దూరం పోగలదని అంతకు ముందు ఎవరూ అనుకోలేదు.

జేక్ బర్న్స్ గొంతు సీసాపెంకుల మీద ఈడ్చినట్టుంటుంది. అయినా ఈ ఆల్బమ్‌లో అసలు సాహసం అరుపుల్లో లేదు, ‘జానీ వాజ్’లో ఉంది. బాబ్ మార్లీ 1976 నాటి పాట అది. దారినపోయే తూటా తగిలి కొడుకు చనిపోయిన తల్లి గురించి. బర్న్స్ బృందం దాన్ని కింగ్‌స్టన్ నుంచి బెల్ఫాస్ట్‌కు తెచ్చి ఎనిమిది నిమిషాలు వాయించింది. డ్రమ్ములు సైనిక కవాతులా కొడుతుంటే, పాట పుట్టిందే ఈ ఊళ్ళోనా అనిపిస్తుంది.

డెరీ ఊరివాళ్ళు ద అండర్‌టోన్స్ అదే యుద్ధం నడుమ ఉండి, అప్పట్లో దాని గురించి పాడలేదు. మేలో వచ్చిన వాళ్ళ తొలి ఆల్బమ్ నిండా అమ్మాయిలు, కుర్రతనపు కబుర్లు. ఊరు తగలబడుతుంటే మామూలు కబుర్లు పాడటం కూడా ఒక పంతమే. పాటలు ముచ్చటగా ఉంటాయి. నా కొలబద్దకు మాత్రం అందవు. బేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

డెనిస్ బోవెల్ చేతి పని

ఆ ఏడాది ఒక మనిషిని వెంబడిస్తే కథంతా దొరుకుతుంది. బార్బడోస్‌లో పుట్టి, పన్నెండేళ్ళ వయసులో లండన్ వచ్చిన డెనిస్ బోవెల్ మటుంబి అనే రెగ్గే బృందంలో వాయించేవాడు, సౌండ్ సిస్టమ్ నడిపేవాడు. 1974లో ఆ సౌండ్ సిస్టమ్ రాత్రుల్లో ఒకనాడు పోలీసులతో జరిగిన గొడవకు జైలుపాలై, అప్పీలులో నిర్దోషిగా బయటికొచ్చాడు. 1979లో ఆయన చేతి మీదుగా వచ్చినవి చూడండి: బ్రిస్టల్ నగరానికి చెందిన ద పాప్ గ్రూప్ ‘వై’, లింటన్ క్వేసీ జాన్సన్ ‘ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ’, ద స్లిట్స్ ‘కట్’. ఇవి కాక, జానెట్ కే పాడగా పట్టికలో 2వ స్థానానికి వెళ్ళిన ‘సిల్లీ గేమ్స్’ అనే ప్రేమపాట.

‘ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ’ స్కా కాదు, పంక్ అంతకన్నా కాదు. జమైకా పలుకుబడిలో చదివే కవిత్వానికి డబ్ అనే రెగ్గే శాఖ సంగీతం తోడైంది. అయినా వదలడానికి వీల్లేదు. అందులోని ‘సన్నీస్ లెట్టా’ బ్రిక్స్‌టన్ జైలు నుంచి కొడుకు తల్లికి రాసిన ఉత్తరం. అనుమానం వచ్చిందన్న సాకుతో నల్లజాతి యువకులను పట్టుకోవడానికి పోలీసులు వాడుకున్న 1824 నాటి చట్టం మీద ఫిర్యాదు అది. రెండేళ్ళ తర్వాత ఆ సెక్షన్‌ను రద్దు చేశారు.

‘కట్’ సంగతికి వద్దాం. స్లిట్స్ ఆడపిల్లల బృందం. గాయని ఆరి అప్ జర్మనీలో పుట్టింది, ఆల్బమ్ వచ్చేనాటికి పదిహేడేళ్ళది. వివ్ ఆల్బర్టీన్ గిటారు, టెస్సా పాలిట్ బేస్. డ్రమ్ముల దగ్గర పామోలివ్ వెళ్ళిపోయాక, బడ్జీ అనే కుర్రాడు కూర్చున్నాడు. 1977లో వీళ్ళు వేదిక ఎక్కితే ఎవరు ఏం వాయిస్తున్నారో వాళ్ళకే తెలిసేది కాదట. బోవెల్ వాళ్ళ తోచీతోచని వాయింపును సరిదిద్ది పాడుచేయలేదు. చోటు కల్పించాడు. ఒక గీత ఇక్కడ, ఒక కేక అక్కడ, మధ్యలో బేస్ నడక. మత్తుమందు గురించిన ‘న్యూటౌన్’ పాటలో అగ్గిపుల్ల గీసిన చప్పుడు, చెంచా కిందపడ్డ చప్పుడు తాళవాద్యాలయ్యాయి. అగ్గిపుల్లా చెంచా అక్కడ ఎందుకో అర్థమయ్యాక ఒళ్ళు జలదరిస్తుంది.

అట్ట మీద ముగ్గురూ మొలకు గుడ్డ కట్టుకుని, ఒంటి నిండా బురద పూసుకుని, ఇంగ్లిష్ పల్లెటూరి గులాబీల ముందు నిలబడి చూస్తుంటారు. ఆ చూపులో ఎవరినీ రమ్మని పిలిచే భావం లేదు. ఫొటో తీసింది పెన్నీ స్మిత్. మూడు నెలల తర్వాత అంతకన్నా ప్రసిద్ధమైన అట్టకు ఫొటో ఇచ్చింది కూడా ఆమే. సెప్టెంబరులో ఐలండ్ రికార్డ్స్ తెచ్చిన ‘కట్’ 30వ స్థానంతో సరిపెట్టుకుంది. ఆ ఏటి ఆల్బమ్‌లలో ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను.

టూ టోన్

స్కా పునరుజ్జీవనం లండన్‌లో జరగలేదు. కార్ల కర్మాగారాల ఊరు కోవెంట్రీలో జరిగింది. దాని సూత్రధారి జెర్రీ డామర్స్ పుట్టింది మన దక్షిణాదిలోనే, 1955లో ఉదకమండలంలో. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. డామర్స్ చిన్నప్పుడే ఇంగ్లండు చేరాడు కాబట్టి నీలగిరి గాలికీ టూ టోన్‌కూ చుట్టరికం కలపడం అతి అవుతుంది. చిత్రకళ చదువుకున్న కీబోర్డు వాద్యకారుడు ఆయన. నలుపు, తెలుపు మనుషులు ఒకే బృందంలో, ఒకే సంస్థలో ఉండాలన్నది ఆయన పట్టుదల. తన రికార్డు సంస్థకు పెట్టిన పేరు అదే: టూ టోన్, అంటే రెండు రంగులు. ముద్ర మీద నల్ల సూటు, సన్న టై, చలువ కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడ్డ బొమ్మ పేరు వాల్ట్ జాబ్‌స్కో. జమైకా బృందం వేలర్స్ పాత ఆల్బమ్ అట్ట మీదున్న పీటర్ టాష్ ఫొటో చూసి గీశారు. పక్కన నలుపు తెలుపు గళ్ళు.

డామర్స్ బృందం ద స్పెషల్స్‌లో నెవిల్ స్టేపుల్, లిన్వల్ గోల్డింగ్ జమైకాలో పుట్టినవాళ్ళు. మిగతావాళ్ళు తెల్లజాతివాళ్ళు. ముందు వరసలో టెర్రీ హాల్: నవ్వడం చేతకానట్టు నిలబడి, ఏదో ఫిర్యాదు చదివి వినిపిస్తున్నట్టు పాడే గాయకుడు. చుట్టూ అంతా గెంతుతుంటే ఈయన ఒక్కడు కదలడు. 1978లో వీళ్ళు క్లాష్‌తో కలిసి ఊళ్ళు తిరిగారు. అప్పటికి వాళ్ళ పాటల్లో పంక్ ఒకవైపు, రెగ్గే ఒకవైపు అతుకులు కనబడుతుండేవి. రెగ్గే కన్నా వేగమైన పాత స్కాకు తిరిగి వెళితే పంక్ దానంతటదే కలిసిపోతుందని తర్వాత కనిపెట్టారు.

టూ టోన్ మొదటి సింగిల్ ‘గ్యాంగ్‌స్టర్స్’ 1979 వేసవిలో 6వ స్థానం చేరింది. దానికి మూలం ప్రిన్స్ బస్టర్ 1964 నాటి ‘అల్ కపోన్’. ఇక్కడ పాత రికార్డుల పిచ్చివాళ్ళు మాత్రమే గమనించే ఒక సంగతి ఉంది. ఆ ‘అల్ కపోన్’ రికార్డును తిరగేస్తే రెండో వైపు ఉన్న పాట ‘వన్ స్టెప్ బియాండ్’. ఆ ఏడు అక్టోబరులో ఉత్తర లండన్ కామ్డెన్ కుర్రాళ్ళు మ్యాడ్‌నెస్ తమ తొలి ఆల్బమ్‌కు పెట్టుకున్న పేరు అదే. ఏడంగుళాల రికార్డు ఒకటి, దాని ఒక వైపు నుంచి స్పెషల్స్‌కు తొలి విజయం, రెండో వైపు నుంచి మ్యాడ్‌నెస్‌కు తొలి ఆల్బమ్. మ్యాడ్‌నెస్ అన్న బృందం పేరు కూడా బస్టర్ పాట పేరే. టూ టోన్‌లో వాళ్ళు వేసిన ఒకే ఒక్క సింగిల్ ‘ద ప్రిన్స్’ ఆయనకు సమర్పించిన దండ.

‘ద స్పెషల్స్’ ఆల్బమ్ అక్టోబరు 19న వచ్చి 4వ స్థానం చేరింది. రికార్డు చేయించింది గాయకుడు ఎల్విస్ కాస్టెలో. స్టూడియో హంగులు అద్దకుండా, వేదిక ముందు మూడో వరసలో నిలబడ్డవాడికి వినబడేదాన్నే పట్టుకున్నాడు. ధ్వని పొడిపొడిగా ఉందని అప్పట్లోనే కొందరు పెదవి విరిచారు. ఇవాళ వింటే ఆ పొడితనమే రికార్డును కాపాడిందనిపిస్తుంది. కోవెంట్రీ రాత్రులు అందులో కళ్ళకు కడతాయి: నీళ్ళు కలిపిన బీరు, ఇంటికి పోయే దారిలో వెంటపడే గూండాలు, ఇరవై ఏళ్ళకే పెళ్ళీ పిల్లలూ. ఆడవాళ్ళ గురించిన ఎకసెక్కాలు కొన్ని ఇప్పుడు చేదుగా తగులుతాయి. ‘టూ మచ్ టూ యంగ్’ వాటిలో ఒకటి.

మొదటి పాట ‘ఎ మెసేజ్ టు యు రూడీ’. డాండీ లివింగ్‌స్టన్ 1967లో లండన్‌లో చేసిన పాట. రూడీ అంటే రూడ్ బాయ్, కింగ్‌స్టన్ వీధి రౌడీ కుర్రాడు. బుద్ధి తెచ్చుకో నాయనా అని చెప్పే ఈ పాట మీద తేలుతూ వచ్చే ట్రాంబోన్ రికో రోడ్రిగెజ్‌ది. రికో కింగ్‌స్టన్‌లో బస్టర్ దగ్గర వాయించి, 1961లో ఇంగ్లండు వచ్చిన పెద్దమనిషి. 1967 నాటి అసలు రికార్డులోనూ ట్రాంబోన్ ఊదింది ఆయనే. పన్నెండేళ్ళ తర్వాత, తన కొడుకుల వయసు కుర్రాళ్ళ నడుమ నిలబడి అదే పాటలో మళ్ళీ ఊదాడు. అనుకరణకూ వారసత్వానికీ తేడా ఏమిటని అడిగితే నేను ఈ ట్రాంబోన్ వినిపిస్తాను.

స్టిఫ్ రికార్డ్స్ తెచ్చిన మ్యాడ్‌నెస్ ‘వన్ స్టెప్ బియాండ్’ 2వ స్థానానికి వెళ్ళి, ఏడాదికి పైగా పట్టికలో ఉంది. ఏడుగురూ తెల్లజాతి కుర్రాళ్ళే. స్కా వాళ్ళ చేతిలో పాత ఇంగ్లిష్ హాస్యనాటకాల పక్కకు చేరింది: అల్లరి నడకలు, శాక్సాఫోన్ కోతి చేష్టలు, మధ్యలో మైక్ బార్సన్ పియానో మీద బెంగగా పలికే ‘మై గర్ల్’. స్పెషల్స్ అంత లోతు లేదని తీసిపారేయడం తేలిక. పదిహేనేళ్ళ పిల్లాడికి ఆ వయసు కష్టాన్ని ఇంత సూటిగా చెప్పిన రికార్డులు ఎక్కువ లేవు. వాళ్ళ సభలకు నేషనల్ ఫ్రంట్ స్కిన్‌హెడ్‌లు ఎగబడటం మాత్రం చాలాకాలం పీడించింది. గళ్ళ చొక్కా వేసుకున్న ప్రతివాడూ గళ్ళ అర్థం గ్రహించినవాడు కాదు.

పాలీన్ బ్లాక్ పాడే ద సెలెక్టర్, బర్మింగ్‌హాం బృందం ద బీట్ కూడా ఆ ఏడే సింగిల్స్‌తో పట్టిక ఎక్కారు కానీ, వాళ్ళ ఆల్బమ్‌లు 1980లో వచ్చాయి. నవంబరులో ఒక రాత్రి బీబీసీ ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ కార్యక్రమంలో స్పెషల్స్, మ్యాడ్‌నెస్, సెలెక్టర్ ముగ్గురూ కనబడ్డారు. మర్నాడు బడిపిల్లలు నాన్నల పాత నల్ల టైల కోసం బీరువాలు వెతికారంటే నమ్మొచ్చు.

రెండు హంస సరోవరాలు

‘వన్ స్టెప్ బియాండ్’లో చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’ నృత్యనాటకం బాణీని స్కా చేసి వాయించిన ముక్క ఒకటుంది. నెల రోజుల తేడాలో, నవంబరు 23న వచ్చిన పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ ‘మెటల్ బాక్స్’లోనూ అదే బాణీ వినబడుతుంది. మ్యాడ్‌నెస్ దాన్ని గెంతడానికి వాడుకున్నారు. జాన్ లైడన్ కొత్త బృందంలో కీత్ లెవీన్ గిటారు మీద అదే బాణీ గాజు మీద గోరు గీసినట్టు వస్తుంది. లైడన్ కేన్సర్‌తో పోయిన తన తల్లి కోసం కేకలు పెడుతుంటాడు. సింగిల్‌గా ఆ పాట పేరు ‘డెత్ డిస్కో’. ఒక బాణీ, ఒకే శరదృతువు, ఒకచోట అల్లరి, ఒకచోట శవజాగారం.

‘మెటల్ బాక్స్’ పేరుకు తగ్గట్టే సినిమా రీలు పెట్టే డబ్బా లాంటి గుండ్రటి రేకు పెట్టె. అందులో పన్నెండంగుళాల డిస్కులు మూడు, నిమిషానికి 45 చుట్లు తిరిగేవి. చుట్లు ఎక్కువైతే గాడి పొడవు పెరిగి, మంద్రస్థాయి నాదం బాగా పడుతుంది. బృందంలో బేస్ వాయించే జా వాబుల్‌కు అది అవసరం. ఆయన అసలు పేరు జాన్ వార్డిల్. తాగిన మైకంలో సిడ్ విషస్ నాలుక తడబడి పలికితే అలా స్థిరపడింది. డిస్కులు పెట్టెలో ఎంత బిగువుగా ఉండేవంటే, గీతలు పడకుండా బయటికి తీయడం పెద్ద పని. తాను పెంచిన పంక్‌ను లైడన్ ఇందులో పూర్తిగా వదిలేశాడు. జమైకా డబ్ నుంచి తీసుకున్నది ఇక్కడ ఊరటగా లేదు, నేలమాళిగ చీకటిలా ఉంది. ఏడాదిలో అతి కష్టమైన రికార్డు ఇది, అతి ధైర్యమైనది కూడా.

లీడ్స్ విశ్వవిద్యాలయం పిల్లలు గ్యాంగ్ ఆఫ్ ఫోర్ ‘ఎంటర్‌టైన్‌మెంట్!’ కూడా ఈ కోవలోకే వస్తుంది. ఆండీ గిల్ గిటారు తీగలను తెంపుతున్నట్టు మీటి, ఠక్కున ఆగిపోతాడు. ఆ ఆగిన చోటే రెగ్గే నేర్పిన పాఠం. తమ సింగిల్‌లో ఒక మాట మార్చమన్నందుకు ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ నుంచి లేచి వచ్చేశారు. పాపం, ఆ తర్వాత పెద్ద విజయం వాళ్ళ గడప తొక్కలేదు.

లండన్ కాలింగ్

1979 వేసవి చివర ఉత్తర లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో క్లాష్ చేరారు. నిర్మాతగా గై స్టీవెన్స్‌ను పిలిచారు. 1960ల్లో లండన్‌కు అమెరికన్ నల్లజాతి సంగీతాన్ని రుచి చూపించినవాళ్ళలో ఒకడు, అప్పటికి తాగుడుకు చిక్కి అందరూ పక్కన పెట్టిన మనిషి. బృందం వాయిస్తుంటే కుర్చీలు విసిరాడు, నిచ్చెన తిప్పాడు, పియానోలో మద్యం పోశాడు. రికార్డింగు ఇంజనీరు బిల్ ప్రైస్ ఈ గలాటా మధ్య మైకులను కాపాడుకుంటూ పని పూర్తి చేశాడు. అదే స్టూడియోలో మరో పంక్ బృందం ద డామ్డ్ తమ ‘మెషిన్ గన్ ఎటికెట్’ చేసుకుంటున్నారు. దాని పేరింటి పాటలో వెనక వినబడే కేకల్లో క్లాష్ వాళ్ళవీ ఉన్నాయి. డామ్డ్ ఆల్బమ్ కూడా మంచిదే. వేగం తగ్గకుండా బాణీలు పెరిగాయి, కెప్టెన్ సెన్సిబుల్ బేస్ వదిలి గిటారుకు మారాక బృందానికి రెండో ప్రాణం వచ్చింది.

‘లండన్ కాలింగ్’ రెండు డిస్కులు, 19 పాటలు. ఒక డిస్కు ధరకే, 5 పౌన్లకు అమ్మించారు. ఆల్బమ్‌తో ఉచితంగా ఒక సింగిల్ ఇస్తామని తమ రికార్డు కంపెనీ సీబీఎస్‌ను ఒప్పించి, ఆ సింగిల్‌ను మెల్లగా పూర్తి డిస్కుగా పెంచేశారు. చివరి పాట ‘ట్రెయిన్ ఇన్ వెయిన్’ అట్టలు అచ్చయ్యాక చేరడంతో తొలి ప్రతుల వెనక దాని పేరే లేదు. అట్ట మీద క్లాష్ బేస్ వాద్యకారుడు పాల్ సైమనన్ న్యూయార్క్ పల్లాడియం వేదికను బేస్ గిటారుతో బాదుతుంటాడు. ఫొటో మసకగా ఉంది, వద్దని పెన్నీ స్మిత్ చెప్పినా వినలేదు. రే లోరీ గులాబీ, ఆకుపచ్చ అక్షరాలను ఎల్విస్ ప్రెస్లీ 1956 నాటి తొలి ఆల్బమ్ అట్ట నుంచి తెచ్చి అతికించాడు. శీర్షిక యుద్ధకాలపు బీబీసీ ప్రసారాల పిలుపు. షార్ట్‌వేవ్ రేడియో తిప్పిన తరానికి మన దగ్గరా తెలుసు.

గాయకుడు జో స్ట్రమర్ అంకారాలో పుట్టిన దౌత్యోద్యోగి కొడుకు. తండ్రి పుట్టింది లక్నోలో. దేశాలు మారుతూ పెరిగినవాడి చెవి ఈ రికార్డులో కనబడుతుంది. రాకబిల్లీ, జాజ్, సోల్, స్పెయిన్ అంతర్యుద్ధం అన్నీ ఉన్నాయి. అయినా నడక జమైకాదే. ‘రూడీ కాంట్ ఫెయిల్’, రూలర్స్ పాత పాట ‘రాంగ్ ఎమ్ బోయో’, డానీ రే ‘రెవల్యూషన్ రాక్’ మూడింటిలో బాకా వాద్యాలతో సహా దిగిపోయారు. బ్రిక్స్‌టన్‌లో పెరిగిన సైమనన్ మొదటిసారి రాసి పాడిన ‘గన్స్ ఆఫ్ బ్రిక్స్‌టన్’ బేస్ మీదే నిలబడ్డ పాట. బ్రిక్స్‌టన్ నిజంగా భగ్గుమనడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆల్బమ్ బ్రిటన్‌లో 9వ స్థానంతో ఆగింది. అమెరికాలో 1980 జనవరిలో వచ్చింది కాబట్టి, రోలింగ్ స్టోన్ పత్రిక దీన్ని 1980ల దశాబ్దానికి అత్యుత్తమ ఆల్బమ్ అని ప్రకటించింది. కొన్ని వారాల తేడాతో దశాబ్దాన్నే కొట్టేసిన రికార్డు మరొకటి నేనెరగను.

తక్కినవి

పామోలివ్ స్లిట్స్ వదిలి చేరిన ద రెయిన్‌కోట్స్ తొలి ఆల్బమ్‌లో వయొలిన్ తడబడుతూ గొప్పగా మోగుతుంది. యూకే సబ్స్ ‘అనదర్ కైండ్ ఆఫ్ బ్లూస్’ పాత తరహా పంక్, రెండు నిమిషాల్లో తేల్చేసే పాటలు. క్రాస్ ‘స్టేషన్స్ ఆఫ్ ద క్రాస్’ అరాచకవాదుల రెండు డిస్కుల ఉపన్యాసం. సంగీతం కన్నా సిద్ధాంతం గట్టిది. లాస్ ఏంజెలెస్‌లో ద జెర్మ్స్ తమ ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్ ‘జీఐ’ చేశారు, జోన్ జెట్ నిర్మాత. అమెరికా పంక్ చెవికి జమైకా ఇంకా పెద్దగా సోకలేదు. ఆపరేషన్ ఐవీ, రాన్సిడ్ లాంటి కాలిఫోర్నియా బృందాలు స్కాను తలకెత్తుకునేది తర్వాతి దశాబ్దాల్లో.

తర్వాత

1980 ఫిబ్రవరిలో ‘టూ మచ్ టూ యంగ్’ వేదిక మీది రికార్డింగు 1వ స్థానం ఎక్కింది. 1981 వేసవిలో ఊళ్ళు తగలబడుతుండగా స్పెషల్స్ ‘ఘోస్ట్ టౌన్’ అదే స్థానంలో ఉంది. ఆ వెంటనే హాల్, స్టేపుల్, గోల్డింగ్ బయటికి నడిచారు. డామర్స్ 1984లో ‘నెల్సన్ మండేలా’ రాశాడు. రికో రోడ్రిగెజ్ చాలాకాలం జూల్స్ హాలండ్ బృందంలో వాయించి, 2015లో కన్నుమూశాడు. టెర్రీ హాల్ 2022 డిసెంబరులో.

ఈ ఆల్బమ్‌లు కొత్తగా వినబోయేవాళ్ళు ముందు డాండీ లివింగ్‌స్టన్ 1967 రూడీని, వెంటనే స్పెషల్స్ 1979 రూడీని వినాలి. గొంతులు మారతాయి, డ్రమ్ములు మారతాయి, ఊరు మారుతుంది. ట్రాంబోన్ మోగేసరికి ఎవరో తెలిసిపోతుంది.